పనిచోట చదువు: ‘మీ టీమ్ లేకపోతే ఏమవుతుంది?’

(ఉద్యోగంలో నేర్చుకోవడం, నేర్పడం గురించి పాఠకులు పంపే ప్రశ్నలకు జవాబులు. ఈ శీర్షిక రాస్తున్నవారు బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలోనూ, తర్వాత మాదాపూర్‌లో ఒక ఐటీ కంపెనీలోనూ కలిపి 31 ఏళ్లు శిక్షణ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు.)

ప్రశ్న: మేడమ్ గారూ, నేను గచ్చిబౌలిలో ఒక కంపెనీలో లెర్నింగ్ అండ్ డెవలప్‌మెంట్ మేనేజర్‌ని. అమెరికా ఆస్పత్రుల బిల్లింగ్ పని మాది. నా టీమ్‌లో ఏడుగురం. నిరుడు 212 క్లాసులు పెట్టాం. ఫీడ్‌బ్యాక్ సగటు ఐదుకి 4.6 వచ్చింది. ఈమధ్య కొత్తగా చేరిన ఆపరేషన్స్ హెడ్ మీటింగ్‌లో అందరి ముందూ ‘మీ టీమ్ ఆర్నెల్లు లేకపోతే కంపెనీకి ఏమవుతుంది?’ అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. ఏఐ టూల్‌తో గంటలో కోర్సు తయారవుతుంటే ఇక వీళ్లెందుకు అన్న మాట కూడా వినిపిస్తోంది. పదకొండేళ్లుగా ఇదే పని నమ్ముకుని ఉన్నాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మేం ఏం చేయాలి?
(పేరు వద్దన్నారు, కొండాపూర్)

జవాబు: అమ్మా, అందరి ముందు అలా అడగడం ఆయన తప్పు. ఆ పూట మీకు ఎంత టెన్షన్‌గా ఉండి ఉంటుందో నాకు తెలుసు. కానీ ప్రశ్న మాత్రం మంచిది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్నెవరైనా ఆ మాట అడిగి ఉంటే ఎంతో మేలు జరిగేది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 212 క్లాసులని రాశారు, 4.6 అని రాశారు. ఆ క్లాసుల వల్ల ఏ పని మెరుగుపడిందో ఒక్క ముక్క రాయలేదు. మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మన వృత్తి మొత్తానికీ ఇదే అలవాటు. చేతికందే లెక్కలు అవే కాబట్టి అవే రాసుకుంటాం. అమెరికాలో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే ఆయన 1959లోనే శిక్షణను నాలుగు మెట్ల మీద చూడమన్నారు. వచ్చినవాళ్లకు నచ్చిందా? ఏమైనా నేర్చుకున్నారా? సీటు దగ్గరికి తిరిగి వెళ్లాక పని తీరు మారిందా? దానివల్ల సంస్థకు ఒరిగిందేమిటి? మీ 4.6 మొదటి మెట్టు. మీ హెడ్ అడిగింది నాలుగో మెట్టు గురించి. అందుకే మీకు జవాబు దొరకలేదు.

నా సంగతి ఒకటి చెప్తాను. 1994లో బాలానగర్‌లో పంపుల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో నేను ట్రైనింగ్ ఆఫీసర్‌ని. బుష్‌లు, అంటే గొట్టం ముక్కల్లాంటి చిన్న లోహపు భాగాలు, ఎక్కువగా రిజెక్ట్ అవుతున్నాయి. డ్రాయింగ్ ప్రకారం బయటి కొలతలో అటూ ఇటూ 0.02 మిల్లీమీటర్లకు మించి తేడా రాకూడదు. వస్తోంది. ప్రొడక్షన్ మేనేజర్ గారు పిలిచి, ‘మనవాళ్లకు మైక్రోమీటర్ చూడటం రావట్లేదమ్మా, ఒక క్లాసు పెట్టండి’ అన్నారు. పెట్టాను. 24 మంది, రెండు రోజులు. బోర్డు మీద ఆ కొలత పనిముట్టు స్కేలు బొమ్మ గీశాను. జీరో ఎర్రర్ ఎలా చూడాలి, రాచెట్ ఎన్ని క్లిక్కుల దగ్గర ఆపాలి, రీడింగ్ ఎలా కూడాలి, అన్నీ చెప్పాను. చివర్లో పరీక్ష పెడితే 22 మంది పాసయ్యారు. చాయ్, సమోసా, గ్రూప్ ఫోటో. నెల తిరిగాక చూస్తే రిజెక్షన్ ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది.

‘అయితే ఇంకో రెండు రోజులు రిఫ్రెషర్ పెట్టండి’ అన్నారు మేనేజర్ గారు. సరేనని వచ్చేశాను గాని మనసొప్పలేదు. ఆ వారం సెకండ్ షిఫ్ట్‌కి వెళ్లి లేత్ మెషీన్ల దగ్గర నిలబడ్డాను.

ఆరు లేత్‌లు, ఒక్కటే మైక్రోమీటర్. అది సూపర్‌వైజర్ బీరువాలో ఉంది. తాళంచెవి ఆయన జేబులో. అంతకుముందు ఒకటి పోతే ఆయన జీతంలో కోసుకున్నారట, అందుకని ఆ జాగ్రత్త. కావలసినవాళ్లు వెళ్లి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి తెచ్చుకోవాలి. గంటకు ఇన్ని ముక్కలని టార్గెట్ ఉన్న మనిషి ఎన్నిసార్లు వెళ్తాడు? షిఫ్ట్ మొదట్లో ఒకసారి, భోజనం తర్వాత ఒకసారి కొలిచేవారు. మధ్యలో టూల్ అరిగి కొలత జారినా తెలిసే దారి లేదు. ఇన్‌స్పెక్షన్ బల్ల మీది ట్యూబ్‌లైట్ ఎప్పటినుంచో మిణుకుమిణుకుమంటోంది. నా క్లాసులో అన్నిటికంటే చక్కగా జవాబులు చెప్పిన పెద్దాయన ఒకరు బుష్‌ని చేతిలోకి తీసుకుని, బొటనవేలు దాని అంచు చుట్టూ ఒకసారి తిప్పి, డబ్బాలో వేస్తున్నారు. కొలవరా అని అడిగాను. ‘కొలుసుడు నాకొస్తదమ్మా. కొలిచేదే నా చేతికొస్తలేదు’ అన్నారు.

ఆ మాట ముప్పై ఏళ్లుగా నాతోనే ఉంది. చివరికి ప్రతి మెషీన్‌కీ ఒక గో–నోగో గేజ్ గొలుసుతో కట్టించాం. ముక్క గేజ్‌లో ఒక వైపు దూరాలి, రెండో వైపు దూరకూడదు, అంతే. లెక్క వేయక్కర్లేదు, కళ్లజోడు వెతుక్కోనక్కర్లేదు. ట్యూబ్‌లైట్ మార్పించాం. రెండు నెలల్లో రిజెక్షన్ సగానికి పైగా తగ్గింది. అందులో నా క్లాసు పాత్ర ఏమీ లేదు. 24 మంది రెండేసి రోజులు మెషీన్లు ఆపుకుని నా ముందు కూర్చున్నారు. 48 పనిదినాలు. వెళ్లి చూడకుండా అన్ని దినాలు తీసుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధే.

అప్పటినుంచి ఎవరైనా వచ్చి ట్రైనింగ్ కావాలంటే, మా వృత్తిలో ఉన్న పాత ప్రశ్న ఒకటి ముందు వేసేదాన్ని: ప్రాణం మీదికొస్తే ఈ పని వాళ్లు చేయగలరా? చేయగలరంటే వాళ్లకు పని తెలుసు. లోటు పనిముట్టులోనో, టార్గెట్‌లోనో, పై అధికారి మాటలోనో ఉంది. క్లాసు దాన్ని తీర్చలేదు. చేయలేరంటే అప్పుడు నేర్పాలి, బాగా నేర్పాలి.

ఇక మీ కంపెనీ సంగతి. నాలుగేళ్ల కిందట అలాంటి సంస్థ ఒకటి సలహాకి పిలిస్తే, తొమ్మిది రాత్రులు ఏఆర్ కాలర్ల పక్కన రెండో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నాను. తెలియనివారి కోసం చెప్తున్నాను: అమెరికా ఆస్పత్రి పంపిన క్లెయిమ్‌కి ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు ఇవ్వనంటే, ఎందుకు ఇవ్వలేదో ఫోన్ చేసి కనుక్కుని, సరిచేయించి, డబ్బు రాబట్టేవాళ్లు వీళ్లు. కాదనడానికి కారణాలను కోడ్‌లలో ఇస్తారు. సీఓ-16 అంటే క్లెయిమ్‌లో ఏదో సమాచారం తక్కువైందనో తప్పు పడిందనో. సీఓ-29 అంటే గడువు దాటాక పంపారని. కొత్తవాళ్లకు ఇవన్నీ క్లాసులో నేర్పి, పరీక్ష పెట్టి ఫ్లోర్ మీదికి పంపుతారు.

ఒక రాత్రి పదకొండున్నరకి, డిగ్రీ అయి మొన్ననే చేరిన అమ్మాయి స్క్రీన్ మీద సీఓ-16 వచ్చింది. దాని అర్థం ఆమెకు కంఠతా వచ్చు. కానీ తక్కువైంది ఏమిటో ఆ కోడ్ చెప్పదు. దాంతో పాటు వచ్చే రిమార్క్ కోడ్ చూడాలి, అది ఇంకో స్క్రీన్‌లో ఉంది. ఆ అమ్మాయి లెర్నింగ్ పోర్టల్ తెరవలేదు. సీట్లోంచి లేచి, నాలుగు వరసలు దాటి, ఒక సీనియర్ దగ్గరికి వెళ్లింది. ‘అక్కా, ఒక్క నిమిషం’ అంది.

ఆ అక్క దగ్గర నీలం అట్ట లాంగ్ నోట్‌బుక్ ఉంది. పేజీకో ఇన్సూరెన్స్ కంపెనీ. ఫోన్‌లో ఏ నంబర్ నొక్కితే మనిషి లైన్‌లోకి వస్తాడు, అప్పీల్‌కి ఎన్ని రోజులు గడువు, ఏ కంపెనీ వాళ్లు కాగితాలు ఫ్యాక్స్‌లోనే పంపమంటారు, అన్నీ రాసి ఉన్నాయి. మారిన నిబంధన ఎర్ర పెన్నుతో, పాతది కొట్టేసి పక్కన తేదీ. పేజీల మూలలు తిప్పి తిప్పి మెత్తబడిపోయాయి. గంటలో ఆరుగురు వచ్చారు ఆమె దగ్గరికి. ఆరుగురికీ ఓపికగా చెప్పింది. నెలాఖరున ఆమె కాల్స్ లెక్క తక్కువైందని ఇన్సెంటివ్ పోయింది.

అమ్మా, ఆ ఫ్లోర్‌కి అసలైన శిక్షణ విభాగం ఆ అక్క. ఆమె చేస్తున్న పనికి పేరు లేదు, రికార్డు లేదు, పైగా జీతంలో నష్టం. మీ ఫ్లోర్‌లోనూ అలాంటివాళ్లు ముగ్గురో నలుగురో తప్పకుండా ఉంటారు. పోర్టల్‌లో ఏది ఉన్నా, పని ఆగిన క్షణంలో జనం లేచి ఎవరి దగ్గరికి వెళ్తున్నారో అక్కడే చదువు జరుగుతోంది. మీ ఏడుగురి మొదటి పని వాళ్లెవరో తెలుసుకోవడం. రెండోది, వాళ్ల తరఫున ఆపరేషన్స్‌తో మాట్లాడి, నేర్పే సమయానికి తగ్గట్టు వాళ్ల టార్గెట్ తగ్గించడం. మూడోది, వాళ్లు ఒప్పుకుంటేనే, ఆ నోట్‌బుక్‌లో ఉన్నదాన్ని వాళ్ల పేరుతోనే కోడ్ కనిపించే స్క్రీన్‌లోకి తీసుకురావడం. ఒప్పుకుంటేనే అని ఎందుకంటున్నానంటే, అది ఆమె ఏళ్ల కష్టం. అడక్కుండా తీసుకోవడం అన్యాయం.

ఏఐ గురించి అడిగారు. స్లైడ్లు, క్విజ్‌లు, వాయిస్ ఓవర్ దానికి వదిలేయండి, అభ్యంతరం లేదు. అలా మిగిలిన సమయాన్ని ఫ్లోర్ మీద గడపండి. మైక్రోమీటర్ బీరువాలో ఉందన్న సంగతి ఎవరో ఒకరు షిఫ్ట్‌లో నిలబడితేనే తెలుస్తుంది. మనం అడిగిన కోర్సు ఏఐ చేసిపెడుతుంది, ఆ కోర్సు అవసరమా అన్నది మాత్రం మనమే తేల్చుకోవాలి. ఒక్క జాగ్రత్త. అప్పీల్ గడువు వంటివి అది తప్పుగా రాస్తే డబ్బు పోతుంది. ఆ అక్క లాంటి మనిషి కంటితో చూడకుండా ఏదీ పోర్టల్‌లో పెట్టకండి.

ఇప్పుడు ఆ 212 క్లాసుల జాబితా ముందు పెట్టుకోండి. ఒక్కోదాని ఎదురుగా ‘ఏ పని ఆగిపోతుంటే ఇది పెట్టాం?’ అని రాయండి. ‘క్యాలెండర్‌లో ఉంది కాబట్టి’, ‘ఫలానా సార్ అడిగారు కాబట్టి’ అనే జవాబు వచ్చినవి ఆపేయండి. చాలా వరకు అవే ఉంటాయని నా అనుభవం. కొత్తగా చేరినవాళ్లకు పెట్టే క్లాసులు ఆపకండి, వాళ్లకు నిజంగానే తెలియదు. కానీ మూడు వారాలు ఏకబిగిన చెప్పే బదులు ఒక వారం చెప్పి ఫ్లోర్ మీద కూర్చోబెట్టి, మళ్లీ పిలిచి చెప్పండి. కోడ్ కళ్ల ముందు కనిపించాక చెప్తే బుర్రకెక్కుతుంది.

లెక్క ఎలా చూపించాలి అని మీరు అడగలేదు గాని అడుగుతారు. మన ఊళ్లోనే ఒక పాత ఉదాహరణ ఉంది. 1964లో కాకినాడ నుంచి చిన్న వ్యాపారులు బృందాలుగా వచ్చి మన యూసఫ్‌గూడలో అప్పటి స్మాల్ ఇండస్ట్రీ ఎక్స్‌టెన్షన్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ తీసుకున్నారు. ఇప్పుడు దాన్నే ఎన్ఐ-ఎంఎస్ఎంఈ అంటున్నాం. ఆ శిక్షణ వెనక ఉన్నది హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్. శిక్షణ బాగుందా అన్నదాంతో వాళ్లు ఊరుకోలేదు. తర్వాతి కాలంలో ఆ వ్యాపారులు కొత్త పెట్టుబడి పెట్టారా, కొత్తగా పనివాళ్లను తీసుకున్నారా అని చూశారు. శిక్షణకు రాని వ్యాపారులతో పోల్చి చూశారు. అరవై ఏళ్ల కిందట, కంప్యూటర్లు లేని రోజుల్లో చేశారు. మీకు ప్రతి కాల్ రికార్డవుతోంది. ఒక టీమ్‌లో ఈ కొత్త పద్ధతి మొదలుపెట్టి, అలాంటిదే ఇంకో టీమ్‌లో మూడు నెలలు ఆగి పెట్టండి. తిరస్కరించిన క్లెయిమ్‌లలో ఎన్ని డబ్బుగా మారాయో రెండు చోట్లా చూడండి. తేడా రాకపోతే రాలేదనే చెప్పండి.

ఆ తర్వాత మీ హెడ్ దగ్గరికి మీరే వెళ్లండి. ‘సార్, ఆ రోజు మీరడిగినదానికి జవాబు ఇప్పుడు చెప్తాను. పని ఎక్కువగా ఆగుతున్న మూడు చోట్లు మీరు చెప్పండి. మేం షిఫ్ట్‌లో కూర్చుని చూస్తాం. నేర్పితే తీరేది నేర్పుతాం. నేర్పితే తీరనిది ఏదైనా ఉంటే అది కూడా మీకు చెప్తాం’ అనండి. ఆ చివరి వాక్యమే కష్టం. బీరువా తాళం సంగతి మా మేనేజర్ గారికి చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. సూపర్‌వైజర్ మీద చాడీ చెప్పినట్టు అవుతుందేమోనని భయం. చెప్పాక ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత స్టోర్స్‌కి ఫోన్ చేసి గేజ్‌లు ఎన్ని ఉన్నాయని అడిగారు.

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 27 ఏళ్లు, ఐటీ కంపెనీలో టీమ్ లీడ్‌ని. మా దగ్గర ఏడాదికి 40 గంటల ఆన్‌లైన్ లెర్నింగ్ తప్పనిసరి, లేకపోతే అప్రైజల్‌లో మార్కులు తగ్గుతాయి. నిజం చెప్పాలంటే వీడియో ఒక స్క్రీన్‌లో ఆడిస్తూ ఇంకో స్క్రీన్‌లో పని చేసుకుంటాం. ఏదీ గుర్తుండదు. ఐదేళ్ల కిందట అమీర్‌పేట మైత్రీవనం దగ్గర హాస్టల్‌లో ఉండి, పొద్దున ఏడున్నర బ్యాచ్‌లో నేర్చుకున్నది మాత్రం ఇప్పటికీ గుర్తుంది. తేడా ఎక్కడుంది?
(ఒక పాఠకుడు, ఉప్పల్)

జవాబు: నువ్వు మా చిన్నబ్బాయి ఈడువాడివి, అందుకని నువ్వు అనే రాస్తున్నాను బాబూ. తేడా నీలో లేదు. అమీర్‌పేటలో నువ్వు విన్న గంటలు తక్కువ, చేసిన గంటలు ఎక్కువ. పొద్దున సార్ చెప్పింది సాయంత్రం ల్యాబ్‌లో టైప్ చేస్తే ఎర్రర్ వచ్చి ఉంటుంది. రాత్రి రూమ్మేట్‌కి చెప్తూ ఇంకోసారి తడబడి ఉంటావు. వారం తర్వాత మాక్ ఇంటర్వ్యూలో అదే ప్రశ్న మళ్లీ వచ్చి ఉంటుంది. ఇంట్లోవాళ్లు కట్టిన ఫీజు, ఎదురుగా ఉద్యోగం, అవి వేరే.

జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగం చేసుకుని 1885లో అచ్చువేశారు. అర్థం లేని అక్షరాల ముక్కలు కంఠతా పట్టి, కొంతసేపటికి ఎంత మిగిలిందో కొలుచుకునేవారు. ఒక్క రోజు తిరిగేసరికి మూడింట రెండు వంతుల దాకా జారిపోయేది. మధ్యలో విరామమిచ్చి మళ్లీ మళ్లీ పట్టినవి బాగా నిలిచాయి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు ఇంకొకటి చూపించారు. విద్యార్థుల్లో కొందరు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు, కొందరు చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే గుర్తుచేసుకుని రాసినవాళ్లది. మన ఇళ్లల్లో ఎక్కాలు అప్పజెప్పించుకోవడం వెనక ఉన్నదీ ఇదే.

కాబట్టి 40 గంటల్లో ఒక్క కోర్సు నువ్వే ఎంచుకో, నీ చేతిలో ఉన్న పనికి దగ్గరగా ఉన్నది. పది నిమిషాలకోసారి ఆపు, చూడకుండా చేసి చూడు. శుక్రవారం నీ కింద ఉన్న ఇద్దరు జూనియర్లకు చెప్పు. టీమ్ లీడ్‌వి కాబట్టి ఇంకో మాట: వాళ్లను నువ్వు ఎన్ని గంటలయ్యాయి అని అడగకు. ఈ వారం కొత్తగా ఏం చేయగలిగావు అని అడుగు.

ఇది చదువుతున్న శిక్షణ విభాగాలవారికి నా విన్నపం, ఆ గంటల లెక్క దయచేసి ఎత్తేయండి. వీడియో ఆడిన సమయాన్ని నేర్చుకున్న సమయంగా రాయడం వల్ల బుద్ధిమంతులైన పిల్లలు కూడా దొంగలెక్కకి అలవాటు పడుతున్నారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

ప్రశ్న: క్లాసులు తగ్గించమని మీరు తరచూ రాస్తారు. మహిళల వేధింపుల నివారణ మీద ఏటా పెట్టే క్లాసు కూడా తూతూమంత్రంగానే సాగుతోంది. అది కూడా తీసేయొచ్చా?
(హెచ్ఆర్ ఉద్యోగిని, మియాపూర్)

జవాబు: వద్దు. 2013 చట్టం ప్రకారం పది మంది లేదా అంతకు మించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి. అవగాహన కార్యక్రమాలు క్రమం తప్పకుండా పెట్టడం, కమిటీ సభ్యులకు శిక్షణ ఇప్పించడం యజమాని బాధ్యత. తూతూమంత్రం అంటున్నారు కదా, దాన్ని మార్చండి. రాత్రి క్యాబ్‌లో ఇంటికెళ్లే అమ్మాయిని అడగండి: కమిటీలో ఎవరున్నారో, ఎవరికి రాసివ్వాలో తెలుసా? సంఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయాలని తెలుసా? తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చని తెలుసా? తెలియదంటే స్లైడ్ల చివర సంతకాలు ఎన్ని ఉన్నా క్లాసు జరగనట్టే.

ప్రశ్న: అమ్మా, చర్లపల్లిలో నాకు చిన్న మెషీన్ షాపు ఉంది. 22 మంది పనిచేస్తారు. నాలుగు సీఎన్‌సీలు (కంప్యూటర్‌తో నడిచే మెషీన్లు). మాకు ట్రైనింగ్ డిపార్ట్‌మెంట్ పెట్టే స్తోమత లేదు. మా ఉస్తాద్ పని బాగా వచ్చినవాడే గాని కుర్రాళ్లకు చెప్పడు. నేనే కూర్చుని ఒకడికి నేర్పితే, ఆర్నెల్లకి మూడు వేలు ఎక్కువిస్తారని ఇంకో షాపుకి పోయాడు. నేర్పడం దండగ అనిపిస్తోంది.
(ఒక పాఠకుడు, చర్లపల్లి)

జవాబు: అన్నా, మీ బాధ నాకు అర్థమైంది. నేర్పినవాడు వెళ్లిపోతే ఇంట్లో మనిషి వెళ్లినట్టే ఉంటుంది. కానీ నేర్పకపోతే ఇంకో చిక్కు ఉంది. ఇప్పుడు మీ షాపు మొత్తం ఒక్క ఉస్తాద్ చేతిలో ఉంది. ఆయనకు జ్వరం వస్తే నాలుగు మెషీన్లలో ఎన్ని తిరుగుతాయి?

ఉస్తాద్ ఎందుకు చెప్పడో ఒకసారి ఆలోచించండి. తన చేతి పని పదిమందికీ వస్తే తన విలువ తగ్గుతుందని భయం. ఆ భయం ఉండటం సహజం. అది మాటలతో పోదు. ఆయన నేర్పిన కుర్రాడు తానుగా సెట్టింగ్ చేసి, మొదటి ముక్క పాసయిన రోజున ఉస్తాద్‌కి కొంత డబ్బు చేతికివ్వండి. మీకు తోచినంత, కానీ ప్రతిసారీ, అందరి ముందూ. ఆయన్ని మెషీన్ మీద మనిషిలా కాకుండా నేర్పే మనిషిలా పిలవడం మొదలుపెట్టండి.

నేర్పడానికి ఒక పద్ధతి ఉంది, పైసా ఖర్చు లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఫ్యాక్టరీల్లో చేయి తిరిగినవాళ్లు సైన్యానికి వెళ్లిపోతే, ఎప్పుడూ మెషీన్ ముట్టనివాళ్లను వేగంగా తయారుచేయాల్సి వచ్చింది. 1940 నుంచి 1945 దాకా నడిచిన ఆ కార్యక్రమంలో సూపర్‌వైజర్లకు జేబులో పట్టే కార్డు ఒకటి ఇచ్చారు. అందులో నాలుగు మెట్లు. ముందు కుర్రాడిని కుదురుగా నిలబెట్టి, అతనికి ఇప్పటికే ఏం తెలుసో అడగాలి. తర్వాత మనం చేసి చూపిస్తూ చెప్పాలి, ఒక్కసారికి ఒక్క మెట్టు. మూడోది, అతని చేత చేయిస్తూ, ఎందుకలా చేస్తున్నాడో అతని నోటితోనే చెప్పించాలి. చివరిది, వదిలేసి, మధ్యమధ్యలో వచ్చి చూడాలి, అనుమానం వస్తే ఎవరిని అడగాలో ముందే చెప్పాలి. నేర్చుకోలేదంటే నేర్పలేదని అర్థం అని ఆ కార్డు మీదే ఉండేది. యుద్ధం తర్వాత జపాన్ ఫ్యాక్టరీలు దీన్ని పట్టుకుని బాగా వాడుకున్నాయి. మన షాపుల్లో ఎక్కువగా జరిగేది రెండో మెట్టు ఒక్కటే. ‘చూస్తున్నావు గదా, అట్లనే చెయ్’ అంటారు.

బయటి సాయం కూడా ఉంది. బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఉంది. పని చేస్తున్నవాళ్లకు తక్కువ వ్యవధి కోర్సులు నడుపుతుంది. వెళ్లి కనుక్కోండి. అప్రెంటిస్‌ల చట్టం కింద 30 మంది, అంతకు పైన ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. మీలాంటి చిన్న షాపులకు ఇష్టాన్ని బట్టి. తీసుకుంటే స్టైపెండ్‌లో కొంత కేంద్రం భరించే పథకం 2016 నుంచి నడుస్తోంది.

వెళ్లిపోయిన కుర్రాడి సంగతి. మూడు వేల కోసమే పోయాడని మీరనుకుంటున్నారు. అడిగారా? పని వచ్చాక కూడా మెషీన్ కింద రాలిన లోహపు చిప్స్ ఊడ్చే పనే చేయించి ఉంటే, డబ్బు ఎక్కువ ఇచ్చినా పోయేవాడే. పని వచ్చిన నెలలోనే జీతం కొంత పెంచండి, పోతానన్నాక పెంచితే లాభం లేదు.

రేపటికి ఒక్క పని చేయండి. మీ షాపులో ఎక్కువగా చెడిపోయే పని ఒకటి తీసుకోండి, టూల్ మార్చాక ఆఫ్‌సెట్ ఇవ్వడం, అంటే కొత్త టూల్ కొలత తేడాను మెషీన్‌కి చెప్పడం అనుకుందాం. ఉస్తాద్ చెప్తుంటే కుర్రాడి చేత తెలుగులో ఒక కాగితం మీద రాయించండి: ఏం చేయాలి, ఎక్కడ జాగ్రత్త, ఎందుకు జాగ్రత్త. కింద ఉస్తాద్ పేరు రాసి, ఆ మెషీన్ పక్క గోడకి అంటించండి. చదివేవాళ్లు దిద్దుకోవడానికి ఒక పెన్ను దారంతో కట్టి వేలాడదీయండి. నెల తర్వాత ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపండి, ఎన్ని దిద్దుబాట్లు పడ్డాయో చూస్తాను.